ఆర్పడంలో హింస: సూరత్ సామాయికంలో మొండికేసిన ఫోన్

స్మార్ట్‌ఫోన్‌లో టచ్ పనిచేయడం మానేసినా ఫోన్ ఆగిపోదు. తెర వెలుగుతూనే ఉంటుంది, కాల్స్ వస్తూనే ఉంటాయి, అలారం మోగుతూనే ఉంటుంది. వేలి మాట మాత్రం వినదు. మామూలు వేళల్లో ఇది కాసేపటి చికాకు. సూరత్‌లో మునులు బసచేసే ఉపాశ్రయంలోనో ఇంట్లోనో సామాయికమనే వ్రతం పట్టి కూర్చున్న జైన గృహస్థుకు అదే ధర్మసందేహం. మోగుతున్న ఫోన్‌ను ముట్టుకోవచ్చా? ముట్టుకుని ఆపితే ఆ ఆపడం కూడా హింస కిందికే వస్తుందా? ఆపకుండా వదిలేస్తే ఆ దోషం ఎవరిది? పైకి ఇది కొత్త యంత్రం తెచ్చిన కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి నిప్పు రాజేసినవాడికి పాపం ఎక్కువా, ఆర్పినవాడికి ఎక్కువా అన్న ప్రశ్న జైన ఆగమాల్లోనే ఉంది. దానికి అక్కడ దొరికే జవాబు ఈనాటి ఫోన్‌కు కూడా చాలావరకు అతుకుతుంది.

ముందు యంత్రం సంగతి. ఫోన్ తెర ఒకే పలక కాదు. పైన గాజు ఉంటుంది. దాని కింద కంటికి ఆనని ఇండియం టిన్ ఆక్సైడ్ గీతల అల్లిక, ఆ కింద బొమ్మను చూపే పొర ఉంటాయి. అల్లికలో సన్నని విద్యుదావేశం నిలిచి ఉంటుంది. మనిషి ఒళ్లు విద్యుత్తును మోసేది కాబట్టి వేలు తగలగానే ఆ చోట ఆవేశంలో తేడా వస్తుంది. ఆ తేడాను పసిగట్టిన చిప్పు, వేలు ఎక్కడ తగిలిందో ప్రాసెసర్‌కు చెబుతుంది. బొమ్మను చూపే పని, స్పర్శను పట్టే పని రెండూ వేరువేరు కనుక ఒకటి చెడినా రెండోది నడుస్తుంది. గాజు పగిలినా, లోపలి కనెక్టర్ వదులైనా, తెర మీద నీటి తడి నిలిచినా, సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయినా టచ్ చచ్చిపోవచ్చు. తెర మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది.

చిక్కు ఆపేటప్పుడు బయటపడుతుంది. పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఒక మెనూ వస్తుంది. ఫోన్ ఆగాలంటే ఆ మెనూలో మళ్లీ వేలు పెట్టాలి. టచ్ లేనప్పుడు ఆ దారి మూసుకుపోయినట్టే. మిగిలేది బలవంతపు దారి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను, వాల్యూమ్ తగ్గించే బటన్‌ను కలిపి పది సెకన్ల దాకా పట్టుకుంటారు. ఐఫోన్ 8, ఆ తరువాతి ఫోన్లలో వాల్యూమ్ పెంచే బటన్‌ను ఒకసారి, తగ్గించే బటన్‌ను ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు వచ్చేదాకా నొక్కి పట్టుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ బిగుసుకుపోయినా ఈ నొక్కులు పనిచేస్తాయి. వాటిని గమనించేది ఫోన్‌కు కరెంటు పంచే యంత్రాంగం. అయితే వీటితో ఫోన్ ఆరిపోయి అలాగే ఉండిపోదు. ఆరి, మళ్లీ తనంతట తానే వెలుగుతుంది. సాఫ్ట్‌వేర్ వల్ల బిగుసుకున్న ఫోన్‌కు అదే మందు. ఆర్పి ఊరుకోవాలనుకునేవాడికి మాత్రం అది సగం పనే. పూర్తిగా ఆర్పాలంటే ఇంకో మెట్టు దిగాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రికవరీ మెనూకు వెళ్తే, వాల్యూమ్ బటన్లతో కిందికి జరుపుతూ పవర్ ఆఫ్ ఎంచుకోవచ్చు. ఓటీజీ కేబుల్‌తో కంప్యూటర్ మౌస్ తగిలిస్తే తెర మీద బాణం గుర్తు వస్తుంది, దానితో మామూలు మెనూనే నొక్కవచ్చు. ఐఓఎస్ 16 నుంచి ఐఫోన్‌ను సిరితో, అంటే నోటిమాటతో, ఆపే వీలుంది. ఏదీ కుదరకపోతే బ్యాటరీ అయిపోయేదాకా వదిలేయడమే. ఆర్పి వదలడం, ఆర్పి మళ్లీ వెలిగించడం, నోటితో ఆపించడం, ఏమీ చేయకపోవడం: జైన నీతిశాస్త్రం ఈ నాలుగింటినీ ఒకే గాట కట్టదు.

ఈ ప్రశ్న సూరత్‌లో బలంగా నిలవడానికి ఆ ఊరి చరిత్రే కారణం. తాపీ ఒడ్డున ఉన్న ఈ రేవుపట్నంలో జైన వర్తకులు శతాబ్దాలుగా ఉన్నారు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీకి అప్పులిచ్చిన వీర్జీ వోరా ఈ ఊరివాడే. ఆయన కూతురి కొడుకు లవ్‌జీ అని, గాలిలోని జీవాలకు హాని కలగకూడదని ముఖవస్త్రికను ఎప్పుడూ నోటికి కట్టుకునే ఆచారాన్ని నిలిపిన స్థానకవాసి శాఖ తొలి మునుల్లో అతడొకడని జైన సంప్రదాయం చెబుతుంది. ఊపిరి వదలడంలో కూడా హింస ఉందేమోనని ఆలోచించిన ఊరు, స్విచ్ నొక్కడంలో హింస ఉందా అని అడగడం వింత కాదు. పాత ఊళ్లో గోపీపురా వీధుల నిండా దేరాసర్లు అనే జైన గుళ్లు, ఉపాశ్రయాలు. వజ్రాల సాన, బట్టల వ్యాపారం, రెండింట్లోనూ జైనుల పాలు పెద్దది. తెలంగాణ నుంచి మగ్గాలు వదిలి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడి ఈ బట్టల పరిశ్రమలోనే బతుకుతున్నాయి. కనుక ఉదయం వేళ ఏ సేఠ్ ఫోన్ అయినా ముప్పావుగంట సేపు స్విచాఫ్ అని వచ్చిందంటే దాని వెనకున్న వ్రతం సూరత్ తెలుగువారికి కూడా పట్టించుకోదగ్గ విషయమే.

ఆ వ్రతం పేరు సామాయికం. శ్రావకుడి, అంటే జైన గృహస్థుడి, పన్నెండు వ్రతాల్లో తొమ్మిదోది. దాని కాలం ఒక ముహూర్తం, అంటే రెండు ఘడియలు, 48 నిమిషాలు. కూర్చునేవారు కటాసణం అనే ఉన్ని ఆసనం పరుచుకుంటారు. జీవాలను నొప్పించకుండా పక్కకు తొలగించడానికి చరవళో అనే మెత్తని పోగుల కుచ్చును, నోటికి అడ్డంగా ముఖవస్త్రికను ఉంచుకుంటారు. కాలం కొలవడానికి చాలామంది గాజు ఇసుకగడియారం పెట్టుకుంటారు. పై గిన్నెలోంచి ఇసుక సన్నని ధారగా జారి 48 నిమిషాలకు ఖాళీ అవుతుంది. ఫోన్‌లో టైమర్ ఉండగా ఇసుక ఎందుకనిపించవచ్చు. ఇసుకకు కరెంటు అక్కర్లేదు, మోగదు, మొరాయించదు. అంతకుమించి, దాన్ని ఆపాల్సిన పని రాదు.

సామాయికంలో ఉన్నంతసేపు గృహస్థు మునితో సమానమని ఆవశ్యక వ్యాఖ్యలు చెబుతాయి. అందువల్లే మామూలప్పుడు అతడికి చెల్లే పనులు ఈ 48 నిమిషాల్లో చెల్లవు. శ్రావకుడి అహింసా వ్రతం కదలగల జీవాలను సంకల్పించి చంపకూడదంటుంది. వంట చేయడం, నీళ్లు కాచుకోవడం, దీపం పెట్టడం, ఫోన్ ఆపడం అతడికి నిషేధాలు కావు, వీలైనంత తగ్గించుకోవాల్సినవి. ముని సంగతి వేరు. దశవైకాలిక సూత్రం ఆరు రకాల జీవకాయాలను వరుసగా చెప్పి, నిప్పు దగ్గరికి వచ్చేసరికి ముని దాన్ని రాజేయకూడదు, కదపకూడదు, ఆర్పకూడదు అంటుంది. నిప్పు తేజస్కాయం. మట్టి, నీరు, గాలి, చెట్టూచేమలాగే అదీ జీవం. దానికి ఉన్నది ఒకే ఇంద్రియం, స్పర్శ. అగ్నిజీవి ఆయుష్షు ఎక్కువలో ఎక్కువ మూడు పగళ్లు మూడు రాత్రులని ఉత్తరాధ్యయన సూత్రం చెబుతుంది. తెలుగు ఇళ్లలో దీపాన్ని నోటితో ఊది ఆర్పరు. ఆ ఆచారంలో ఉన్నది అగ్ని మీద గౌరవం. జైన నియమంలో ఉన్నది అంతకన్నా ముక్కుసూటిది: ఆర్పితే అక్కడ ఎవరో చస్తున్నారు.

మరి కాలుతున్నదాన్ని ఏం చేయాలి? భగవతీ సూత్రం ఏడో శతకంలో కాలోదాయి అనే వ్యక్తి మహావీరుణ్ని ఈ ప్రశ్నే అడుగుతాడు. ఇద్దరు మనుషులున్నారు, ఒకడు నిప్పు రాజేశాడు, ఇంకొకడు దాన్ని ఆర్పాడు. ఎవడి కర్మ బరువు? నిప్పులో జీవముందని నమ్మేవారు ఆర్పినవాడిదే ఎక్కువ తప్పంటారని అనిపిస్తుంది. మహావీరుడి లెక్క వేరు. రాజేసినవాడి చేతిలో మట్టి, నీరు, గాలి, మొక్క, కదిలే ప్రాణులు ఎక్కువగా చస్తాయి, అగ్నిజీవాలు తక్కువగా చస్తాయి. ఆర్పినవాడి చేతిలో అగ్నిజీవాలు ఎక్కువగా చస్తాయి, మిగతా అయిదు రకాలు తక్కువగా చస్తాయి. కనుక రాజేసినవాడిదే పెద్ద కర్మ, ఆర్పినవాడిది చిన్న కర్మ. ఇక్కడ గమనించాల్సింది ఆర్పినవాడికి దోషమే లేదని ఆయన అనకపోవడం. చావులను దాచిపెట్టకుండా రెండు వైపులా లెక్కగట్టి, తూకం ఎటు మొగ్గిందో చెప్పాడు. నీతిశాస్త్రంలో ఇంత నిజాయతీ అరుదు. తప్పనిసరి పని చేసినప్పుడు అందులో హాని లేనే లేదని సర్దిచెప్పుకోవడం మనిషికి తేలిక. హాని ఉంది, అయినా ఇది తక్కువ హాని అని ఒప్పుకోవడం కష్టం.

ఈ లెక్క ఫోన్‌కు వర్తించాలంటే అందులో పారే కరెంటు నిప్పు జాతిదో కాదో తేలాలి. జైన సంప్రదాయాలు ఇక్కడ విడిపోయాయి. చాలామంది మూర్తిపూజక, స్థానకవాసి ఆచార్యుల మాటలో విద్యుత్తు సచిత్తం, ప్రాణమున్నది. ఉత్తరాధ్యయనం అగ్నికాయాల జాబితాలో ఉల్కతో పాటు మెరుపును కూడా చెప్పింది, మెరుపు విద్యుత్తే కదా అన్నది వారి ప్రధాన ఆధారం. అందుకే ఆ సంప్రదాయాల్లో భిక్ష వడ్డించే మనిషి జేబులో నడుస్తున్న ఫోన్ ఉంటే ముని ఆ చేతి భిక్ష తీసుకోడు. మునుల్లో ఎందరో మైకు ముందు మాట్లాడరు. తేరాపంథ్ శాఖ మాట వేరు. ఆచార్య తులసి కాలం నుంచి వారు మైకు వాడుతున్నారు. ఆయన తరువాత గద్దెనెక్కిన ఆచార్య మహాప్రజ్ఞ విద్యుత్తు పుద్గలమే, అంటే జడపదార్థమే, జీవం కాదని వాదించారు. గాలి లేకుండా నిప్పు మండదని భగవతీ సూత్రమే చెబుతోంది. గాలి తీసేసిన బల్బులో వెలిగేది, రాగి తీగలో పారేది మంట ఎలా అవుతుంది అన్నది ఆ పక్షపు వాదం. సాంకేతికంగా చూస్తే ఈ వాదానికే బలం ఎక్కువ. ఫోన్ బ్యాటరీలో లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి ఇంకోదానికి కదులుతాయి. అక్కడ ఏదీ కాలడం లేదు. కానీ మెరుపును అగ్నిలో చేర్చిన ఆగమవాక్యాన్ని పక్కన పెట్టడం సంప్రదాయంలో నిలిచినవారికి తేలిక కాదు. తెలియనిచోట హింస లేదనుకోవడం కన్నా ఉందనుకుని జాగ్రత్తపడటమే మేలన్న మొదటి పక్షం పట్టుదలలో కూడా కరుణ ఉంది. దాన్ని మూఢత్వమని తోసేయడం న్యాయం కాదు.

మహాప్రజ్ఞకు సూరత్‌తో ముడి ఉంది. 2003 చాతుర్మాస్యం ఆయన ఈ ఊళ్లోనే గడిపారు. ఆ ఏడాది అక్టోబర్ 15న, తన పుట్టినరోజున, అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ఇక్కడికి వచ్చారు. వివిధ మతాల పెద్దలు కలిసి సూరత్ ఆధ్యాత్మిక ప్రకటన వెలువరించారు. క్షిపణుల శాస్త్రవేత్త, నడిచే దారిలో చీమను తొక్కకుండా అడుగేసే ముని పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోగలిగారంటే, యంత్రానికీ వ్రతానికీ మధ్య మాట సాగడం సాధ్యమేనని అర్థం.

విద్యుత్తు జీవమా కాదా అన్నది తేలినా తేలకపోయినా సామాయికంలో ఫోన్ ముట్టడం రెండు పక్షాలకూ తగనిదే. మొదటివారికి అది జీవాన్ని తాకడం. రెండోవారికి అది మనసును బజారులోకి లాగే లౌకిక వ్యవహారం. ఇక వ్రతం పట్టేటప్పుడు చదివే ప్రతిజ్ఞలోని షరతులు చూడాలి. దోషమున్న పనిని మనసుతో, మాటతో, ఒంటితో తాను చేయనని, ఇంకొకరితో చేయించనని గృహస్థు మాట ఇస్తాడు. ఇంకొకరు చేస్తే మెచ్చుకోనన్న మూడో మాట మునికే, గృహస్థుకు లేదు. ఈ షరతుల దగ్గర ముందు చెప్పిన దారులన్నీ పరీక్షకు నిలుస్తాయి. బటన్లు పది సెకన్లు నొక్కి పట్టడం ఒంటితో చేయడం. నోటితో ఆపించడం మాటతో చేయడం. యంత్రం మనిషి కాకపోయినా మాట తనదే. పక్కింటి పిల్లాణ్ని పిలిచి, బాబూ, కాస్త ఆపు, అనడం చేయించడం. ఎవరూ అడక్కుండానే ఇంట్లోవాళ్లు వచ్చి ఆపేస్తే మాత్రం కూర్చున్నవాడి ప్రతిజ్ఞకు భంగం లేదు. జైన గృహాల్లో ఒకరు సామాయికంలో ఉండగా మిగతావాళ్లు చుట్టూ జాగ్రత్త పడటంలో ఈ సూక్ష్మం ఉంది.

అయినా ఫోన్ ఆగకుండా మోగుతోంది, ఇంట్లో ఎవరూ లేరు, ఉపాశ్రయంలో పదిమంది ధ్యానం చెదురుతోంది అనుకుంటే? ప్రతిజ్ఞ అక్షరాలా ముట్టొద్దంటుంది. కాలోదాయికి చెప్పిన తూకం మాత్రం ఆర్పడమే చిన్న దోషమంటుంది. ఇక్కడ తూకానికే బరువు ఇవ్వడం సమంజసం. కానీ ఆర్పే తీరు కూడా అదే తూకంలో పడుతుంది. బలవంతపు రీస్టార్ట్‌లో ఫోన్ ఆరి మళ్లీ వెలుగుతుంది, అంటే ఒకే నొక్కులో ఆర్పినవాడు, రాజేసినవాడు ఒకడే అవుతాడు. అది తక్కువ కర్మను ఎక్కువ కర్మతో కలిపి కట్టుకోవడం. పూర్తిగా ఆపగలిగితే ఆపడం, లేకపోతే చప్పుడు తగ్గించే బటన్ ఒక్కటి నొక్కి వదిలేయడం మేలు. చాలా ఫోన్లలో కాల్ మోగుతున్నప్పుడు పక్కనున్న ఏ వాల్యూమ్ బటన్ నొక్కినా మోత ఆగుతుంది. దానికి తెరతో పని లేదు. ఫోన్ వేడెక్కి బ్యాటరీ ఉబ్బుతుంటే మాత్రం ఈ తర్జనభర్జనే అక్కర్లేదు. ఒళ్లు కదపకుండా నిలిచే కాయోత్సర్గంలో కూడా నిప్పు అంటుకోవడం, దొంగల భయం, పాము కాటు వంటివి మినహాయింపులని ఆవశ్యక సంప్రదాయం ముందే ఒప్పుకుంది. అలాంటప్పుడు లేచి, ఫోన్‌ను మనుషులకు దూరంగా పెట్టడంలో సందేహానికి చోటు లేదు.

యూదుల శబ్బాత్ నియమం ఈ ప్రశ్నకు దగ్గరి చుట్టం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా నిప్పు వెలిగించడం, ఆర్పడం రెండూ అక్కడ నిషిద్ధమైన 39 రకాల పనుల్లో ఉన్నాయి. ఆచారం పాటించే కుటుంబాలు ఫోన్‌ను ముందే ఆపి పక్కన పెడతాయి. ప్రాణం మీదికొస్తే నియమాలన్నీ పక్కకు జరుగుతాయి. అయితే అక్కడ ఆర్పడం తప్పవడానికి కారణం సృష్టికర్త విశ్రమించిన రోజున మనిషి కూడా పని ఆపాలన్న ఆజ్ఞ. ఇక్కడ కారణం ఆరిపోయేదాని ప్రాణం. నియమం ఒక్కలా కనిపించినా చూపు ఎటు తిరిగిందన్నది వేరు.

దోషం ఎక్కడ మొదలైందన్న ప్రశ్నకు జైన తత్వం ఇచ్చే జవాబు ఫోన్ మోగిన క్షణాన్ని దాటి వెనక్కి వెళ్తుంది. ఉమాస్వాతి తత్వార్థసూత్రం ప్రాణాలు తీయడాన్ని మాత్రమే హింస అనదు. ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో, కూడిన చేష్ట వల్ల ప్రాణం పోవడాన్ని హింస అంటుంది. కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఇంకా ముందుకు వెళ్లాడు. జీవి చచ్చినా బతికినా, జాగ్రత్త లేకుండా నడుచుకున్నవాడికి హింస ఖాయమని, జాగ్రత్తతో నడుచుకున్నవాడికి కేవలం జరిగిన హాని వల్ల కర్మబంధం లేదని చెప్పాడు. ఈయన అనంతపురం జిల్లా కొనకొండ్లవాడని సంప్రదాయం. సూరత్ ఉపాశ్రయంలోని చిక్కుముడికి తెలుగు నేల అందించిన ఆధారం ఇదేనని చెప్పవచ్చు. కుందకుందుడు దిగంబరుడు, సూరత్ జైనుల్లో శ్వేతాంబరులు ఎక్కువ. ఈ ఒక్క విషయంలో ఆ తేడా అడ్డు కాదు.

ఈ మాట పట్టుకుని చూస్తే అసలు పరీక్ష ఆసనం పరిచే ముందే జరిగిపోతుంది. ఫోన్ టచ్ వారంగా మొరాయిస్తోందని తెలిసీ దాన్ని జేబులో పెట్టుకుని వచ్చి కూర్చున్నవాడు, కాల్ రాకపోయినా, 48 నిమిషాలూ మౌనంగా గడిచినా, ఏమరుపాటు దోషంలోనే ఉన్నాడు. ముందుగా ఆపి చూసి, తెర నల్లబడిందని నిర్ధారించుకుని, వాకిట్లో వదిలి వచ్చినవాడి ఫోన్ పాడై తనంతట తానే మోగితే దోషం అతడిది కాదు. ఆపడానికి తెర లొంగకపోతే దారులు రెండు. రికవరీ మెనూలో బటన్లతో ఆపడం, లేకపోతే ఆ పూట ఫోన్ ఇంట్లోనే వదిలి రావడం. అలారంలు ముందు రాత్రే తీసేయాలి. తీరా కూర్చున్నాక చార్జింగ్ అయిపోతుందిలే అని ఆశపడటం జాగ్రత్త కిందికి రాదు. నడుస్తూ ఉండగా అయిపోవాలని కోరుకోవడం దాన్ని నడవనివ్వడమే.

ఇన్ని చేసినా చేయి పడిందంటే, చేసిన పనిని తిరిగి చూసుకునే పద్ధతి ఉంది. ఈర్యాపథికీ పాఠంలో సాధకుడు ఒకటి నుంచి అయిదు ఇంద్రియాల దాకా ఉన్న జీవాలకు తనవల్ల జరిగిన హానిని పది రకాలుగా చెప్పుకుంటాడు. ఎదురుగా వచ్చినదాన్ని తన్నడం, ధూళితో కప్పడం, నలపడం, పోగుచేయడం, బాధపెట్టడం, అలసట కలిగించడం, భయపెట్టడం, చోటు మార్చడం, ప్రాణం తీయడం అందులో ఉన్నాయి. ఊరికే తాకడం కూడా ఆ పదింట్లో ఒకటి. ఆ పాఠం, దాని వెంట కాయోత్సర్గం, లోగస్స స్తోత్రం అయ్యాక చాలామంది సామాయికాన్ని మొదటి నుంచి మళ్లీ పట్టుకుంటారు, ఇసుకగడియారాన్ని తిరగేసి. భంగం పెద్దదనిపిస్తే గురువు దగ్గర చెప్పుకుంటారు. ప్రాయశ్చిత్తం ఎంతో గురువు నిర్ణయిస్తాడు. విద్యుత్తు సచిత్తమనే గచ్ఛంలో, అంటే మునిశాఖలో, ఒకలా, కాదనే తేరాపంథ్‌లో ఇంకోలా ఉంటుంది.